సొంతింట్లో అద్దెకి

పూడిమడక రోడ్డు దిగువన చెరుకు మడులు చదును చేసి వేసిన లేఅవుట్లో, రెండువేల మూడో సంవత్సరంలో అయిదిళ్ళు లేచేయి. అయిదూ కట్టినవాడు నూకరాజు మేస్త్రి. ఒకే ప్లాను, ఒకే మెట్లు, ఒకే టేపు. ఆ టేపు మొదటి రెండంగుళాలు ఎప్పుడో తెగిపోయేయని నూకరాజుకి తెలుసు. "రెండంగుళాల్లో ఏటుంటాదండి, సున్నం పూత్తే సర్దుకుపోద్ది" అనేవాడు.

అందరికంటే ముందు గృహప్రవేశం చేసినవాడు త్రినాధరావు. బెల్లం మార్కెట్లో ఒక కొట్టుకి గుమస్తా. పొద్దున్నించి సాయంత్రం దాకా దిమ్మలు తూకం వేయించి, చేతులు ఎంత కడిగినా జిగురు వదలని మనిషి. ఆయన భార్య పైడితల్లి ఆ ఇంటి గోడల్ని రెండు పూటలా తనే తడిపింది. కూలి మనిషిని పెడతానంటే ఒప్పుకోలేదు. బిందె చంకనెట్టుకుని పరంజీ ఎక్కి, పసిపిల్లకి నీళ్ళు పోసినట్టు పోసేది. అలాంటిది గృహప్రవేశం రోజున, ముందు నడవాల్సిన ఆవు గుమ్మంలో వెనక్కి తిరిగి త్రినాధరావు పాదం మీద కాలేసింది. బొటనవేలు విరిగింది. తరవాతి వారం బస్సు కండక్టరు రాజబాబు ఇంట్లో పాలు పొంగించబోతే సగంలో గ్యాసు అయిపోయింది.

రెండు అపశకునాలు ఒకే వీధిలో జరిగేసరికి మాడుగుల నించి సిద్ధాంతిని పిలిపించేరు. ఆయన తన సొంత టేపుతో కొలిచేడు. రెండంగుళాలు తక్కువ. వేళ్ళ మీద లెక్క కట్టేడు.

"ఇంటి కొలతకి ఆయం కుదరలేదు. యజమాని ఈ ఇంట్లో కాపరం ఉండకూడదు. గండం."

"కట్టిన ఇల్లు ఏం చేసుకోమంటారు మరి?" అన్నాడు త్రినాధరావు, కట్టు కట్టిన కాలు స్టూలు మీద పెట్టుకుని.

"అద్దెకివ్వు. అద్దెకున్నవాడికి ఆయం అంటదు. ఆ దోషం యజమానికే."

అయిదిళ్ళకీ అదే కొలత కాబట్టి అదే దోషం. వారం తిరక్కుండా అయిదుగురూ తమ ఇళ్ళు ఒకళ్ళకొకళ్ళు అద్దెకిచ్చేసుకున్నారు. వేరే ఊరు వెళ్ళడానికి ఎవరికీ మనసొప్పలేదు. కట్టిన ఇల్లు కనీసం కళ్ళ ముందుండాలి కదా.

త్రినాధరావు ఇంట్లోకి లెక్కల మాష్టారు దేవీప్రసాద్ దిగేడు. దేవీప్రసాద్ ఇంట్లోకి కండక్టరు రాజబాబు. రాజబాబు ఇంట్లోకి సైకిల్ షాపు అప్పలరాజు. అప్పలరాజు ఇంట్లోకి నర్సు గంగాభవాని. గంగాభవాని ఇంట్లోకి తిరిగి మన త్రినాధరావు, పైడితల్లి. వీధిలో ఉన్నవాళ్ళందరూ ఇంటి యజమానులే. వీధిలో ఉన్నవాళ్ళందరూ అద్దెకున్నవాళ్ళే.

గంగాభవాని ఇల్లు సరిగ్గా పైడితల్లి సొంతింటికి ఎదురుగా ఉండేది. పొద్దున్న తలుపు తియ్యగానే తన తలుపు మూసి కనపడేది. తను నీళ్ళు పోసి పెంచిన గోడ మీద మాష్టారి బనీనులు ఆరుతుండేవి. మొదటి ఏడాది ఆవిడ ముగ్గు వేసేటప్పుడు ఎదురింటి వైపు వీపు పెట్టి వేసేది. రెండో ఏడాది అలవాటు పడింది. మూడో ఏడు మేకు వ్యవహారం వచ్చింది.

నూకాలమ్మ జాతరలో కొన్న అమ్మవారి పటం పెట్టుకుందామని పైడితల్లి హాల్లో ఒక మేకు కొట్టింది. మూడు దెబ్బలు పడ్డాయో లేదో, గంగాభవాని వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆవిడ ఇంజక్షను ఎంత సూటిగా పొడుస్తుందో మాట కూడా అంతే.

"గోడ నాది పైడితల్లీ. మేకులు కొట్టకూడదు."

"అమ్మోరి పటమమ్మా."

"అమ్మోరైనా గోడ నాదే. పీకెయ్."

పైడితల్లి పీకేసింది. ఆ సాయంత్రం మార్కెట్టు నించి వచ్చిన త్రినాధరావుకి ఆ కన్నం చూసి కడుపు రగిలింది. గంగాభవానిని ఏమీ అనలేడు, ఆవిడ ఇంటి ఓనరు. రోడ్డు దాటి తన ఇంటికి వెళ్ళేడు, అక్కడ ఓనరు తనే.

"మాష్టారూ, నా గోడలకి మేకులు ఉండకూడదండి."

దేవీప్రసాద్ మూడు గడియారాలు, ఒక నల్లబల్ల దింపేడు. మర్నాడు తన ఇంటికెళ్ళి రాజబాబుతో మేకులు పీకించేడు. రాజబాబు అప్పలరాజుతో పీకించేడు. పదకొండో రోజున అప్పలరాజు గంగాభవాని గుమ్మంలో నిలబడి, "నర్సమ్మగారూ, గోడ నాదండి" అన్నాడు.

తన మాట తనకే తిరిగొచ్చేసరికి, ఇదంతా పైడితల్లి చేయించిందనుకుంది గంగాభవాని. వెంటనే ఇంకో రూలు పెట్టింది, ఇంట్లో ఎండుచేపలు వేపకూడదని. అది కూడా వీధంతా తిరిగి ఆరు రోజుల్లో ఆవిడ దగ్గరికే వచ్చింది. ఆ తరవాత రాత్రి ఎనిమిది దాటితే మోటారు వెయ్యకూడదు. డాబా మీద మంచం వెయ్యకూడదు. ఈలోగా అయిదుగురూ సెల్‌ఫోన్లు కొనుక్కున్నారు. దాంతో పొద్దున్న పెట్టిన రూలు మధ్యాహ్నం భోజనాల వేళకి చుట్టూ తిరిగి వచ్చేసేది. ఎవరు మొదలెట్టేరో ఎవరికీ గుర్తుండేది కాదు. తను పెట్టిన రూలే తనకి వచ్చి తగిలితే, ఎవడో కక్షగట్టేడని ఇంకోటి పెట్టేవారు.

చివరికి వచ్చిన రూలు, చుట్టాలు రెండు రోజులకి మించి ఉండకూడదని.

ఆ రూలు వచ్చిన రోజునే నాతవరం నించి అప్పలరాజు అత్తగారు కొండతల్లి బస్సు దిగింది, పది రోజులుందామని. మోకాళ్ళకి మందు వేయించుకోవాలి, నర్సమ్మ ఇంజక్షన్లు పొడవాలి. పదో రోజు దాకా కదిలే పని లేదు. అప్పలరాజు బుర్ర గోక్కుని, రూలు తప్పకుండా ఒక దారి కనిపెట్టేడు. అత్తగారు రెండు రోజులు తన దగ్గర, రెండు రోజులు రాజబాబు దగ్గర, రెండు రోజులు మాష్టారి దగ్గర, అలా. ప్రతి మూడో పొద్దునా కొండతల్లి తన సంచీ, ఇత్తడి చెంబు పట్టుకుని పక్కింటికి నడిచేది. మాష్టారింట్లో పులుసు బాగుందనీ, నర్సమ్మగారింట్లో ఫేను గట్టిగా తిరుగుతుందనీ మెచ్చుకుంటూనే తిరిగింది. తొమ్మిదో రోజుకి పైడితల్లి దగ్గరికి చేరింది.

పైడితల్లి మునికాళ్ళ మీద వచ్చి ఆవిడకి కాఫీ ఇచ్చి, గ్లాసు కింద పెట్టేటప్పుడు చప్పుడవకుండా రెండో చెయ్యి అడ్డం పెట్టింది.

"ఎవులైనా పడుకున్నారేటే?" అంది కొండతల్లి.

"లేదమ్మా."

"మరేటి ఆ దొంగ నడక? నాలుగిళ్ళల్లో పడుకున్నాను, ఇది అయిదోది. అయిదిళ్ళల్లోనూ మునికాళ్ళ మీదే నడుత్తన్నారు. ఒకరి కొంపలో ఒకరు దూరి, ఒకరికొకరు భయపడి సత్తన్నారు. మీ కొంపల్లోకి మీరు పోయి దబదబా నడవరాదేటి?"

"సిద్ధాంతిగారు గండం అన్నారమ్మా."

"నడవనోడికి మోకాళ్ళ గండం రాదేటి, నన్ను సూడు" అంది ముసలావిడ.

అందులో తర్కం ఏమిటో పైడితల్లికి అందలేదు గానీ, ఆ రాత్రి అన్నం సహించలేదు. మర్నాడే మొగుడిచేత సెలవు పెట్టించి, తనతో మాడుగుల బస్సెక్కించింది.

సిద్ధాంతి అరుగు మీద హల్వా పొట్లం విప్పుకుని కూర్చున్నాడు. పైడితల్లి నిలబడే అడిగింది.

"అయ్యా, అద్దెకున్నోడికి దోషం లేదన్నారు. అద్దెకున్నోడు ఎవరైనా పర్లేదా?"

"ఎవరైనా."

"ఆడదైనా?"

"ఆడదైనా."

"అయితే ఇల్లు ఈయన పేరన ఉంది. ఈయన దగ్గర నేను అద్దెకుంటాను."

సిద్ధాంతి నమలడం ఆపేడు. మళ్ళీ వేళ్ళ మీద లెక్క కట్టేడు. ఈసారి రెండు చేతులూ వాడేడు. "అద్దెకున్నది యజమాని పెళ్ళామైతే కూడదని నాకు తెలిసిన శాస్త్రంలో ఎక్కడా లేదమ్మా" అన్నాడు చివరికి. "కానీ కాగితం ఉండాలి. నోటిమాట గ్రహాలకి చెల్లదు."

"మరి నా సంగతేటండి? నేనెక్కడుండాలి?" అన్నాడు త్రినాధరావు.

"నువ్వు చుట్టంగా వచ్చి పోవచ్చు."

అనకాపల్లి కోర్టు దగ్గర దస్తావేజులు రాసే ఆయన ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్నవాడు. అలాంటి ఆయన కూడా కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇద్దరూ ఒకే ఇంటి పేరు. విడాకులేమైనా..." అన్నాడు మెల్లిగా.

"అబ్బే, బానే ఉన్నాం" అన్నాడు త్రినాధరావు. ఆయన మొహం అంత బాగా లేదు.

కాగితం తయారయింది. నెలకి వంద రూపాయల అద్దె. యజమాని గోడల జోలికి, వంటింటి జోలికి రాకూడదు. యజమాని చుట్టం హోదాలో వచ్చి భోజనం చేసి పడుకోవచ్చు, అది అద్దెదారు మర్యాద. త్రినాధరావుకి ఒక్కటే బెంగ పట్టుకుంది.

"చుట్టం రెండ్రోజులే ఉండాలి కదే?"

"రెండ్రోజులకోసారి బైటికెళ్ళి టీ తాగి రండి. మళ్ళీ కొత్త చుట్టమైపోతారు."

ఇక మిగిలింది దేవీప్రసాద్‌ని ఖాళీ చెయ్యమని చెప్పడం. త్రినాధరావు శుక్రవారం పొద్దున్న తొమ్మిదింటికి చెప్పేడు, ఆదివారానికి ఇల్లు కావాలని, సంగతి ఇదని. దేవీప్రసాద్ లెక్కల మాష్టారు కాబట్టి కాగితం కిటుకు చటుక్కున పట్టుకున్నాడు. అంటే తనూ తన ఇంటికి వెళ్ళొచ్చు. వెంటనే రాజబాబుకి ఫోను చేసేడు. రాజబాబు బస్సు ఆపి అప్పలరాజుకి చేసేడు. అప్పలరాజు నర్సమ్మకి చేసేడు. నలభై నిమిషాల్లో గంగాభవాని వచ్చి పైడితల్లి గుమ్మంలో నిలబడింది.

"ఆదివారానికి నా ఇల్లు ఖాళీ చెయ్యండి."

"అలాగేనమ్మా" అంది పైడితల్లి. మూడేళ్ళలో ఆవిడ అంత సంతోషంగా అలాగే అనడం అదే మొదలు.

శనివారం దస్తావేజుల ఆయనకి తీరిక లేదు. వరసగా మొగుడూ పెళ్ళాలు వచ్చి ఒకరికొకరు అద్దెకిచ్చుకున్నారు. గంగాభవాని విషయంలో మాత్రం ఇల్లు ఆవిడ పేరునే ఉంది కాబట్టి ఆవిడ భర్త దేముడు అద్దెదారయ్యేడు. దేముడు నెమ్మదస్తుడు. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో ఆయన పేరున ఒక కాగితం పుట్టడం ఇదే మొదలు. సంతకం పెట్టి, సిరా ఆరేదాకా ఊదుతూ కూర్చున్నాడు.

ఆదివారం ఎనిమిదింటికల్లా అయిదిళ్ళ సామాను రోడ్డు మీదుంది. బీరువాలు, మంచాలు, గ్యాసు బండలు, అప్పలరాజు షాపులో పట్టక ఇంట్లో దాచుకున్న పదహారు సైకిల్ టైర్లు, మాష్టారి నల్లబల్ల. దారినపోయే ఒకాయన ఇదేదో అమ్మకం అనుకుని బేరమాడి, రాజబాబు దగ్గర ఒక టీపాయి కొనుక్కుని తలమీద పెట్టుకుని వెళ్ళిపోయేడు. ఆ టీపాయి మాష్టారిదని ఆయన సందు మలుపు తిరిగేక తెలిసింది.

అసలు చిక్కు అప్పుడు మొదలైంది. ప్రతివాళ్ళూ తాము ఖాళీ చేసిన ఇంటికి తాళం వేసి, ఆ తాళంచెవి గుప్పిట్లో బిగించుకున్నారు.

"నా ఇంటి తాళం ఇవ్వు పైడితల్లీ" అంది గంగాభవాని.

"మా తాళం మాష్టారి దగ్గరుందమ్మా. ఆయనిస్తే నేనిత్తాను."

"నాది రాజబాబు దగ్గరుంది. అది వస్తే ఇది ఇస్తాను" అన్నాడు దేవీప్రసాద్.

"నాది అప్పలరాజు దగ్గరుంది కదా మాష్టారూ" అన్నాడు రాజబాబు.

"నాది నర్సమ్మగారి దగ్గరుంది" అన్నాడు అప్పలరాజు. అందరూ గంగాభవాని వైపు తిరిగేరు. ఆవిడ గుప్పిట వెనక్కి దాచుకుంది. "ముందు నాది రానీండి."

ఇల్లు ఇచ్చేసి, తమ ఇల్లు రాకపోతే వీధిన పడాలి. ఇప్పటికే వీధిన పడి ఉన్నామన్న సంగతి ఎవరికీ తట్టలేదు. దేవీప్రసాద్ నల్లబల్ల బీరువాకి ఆనించి, సుద్దముక్కతో అయిదు చుక్కలు పెట్టి బాణాలు గీసేడు. ఇందులో మొదలు ఎవరైనా కావచ్చనీ, కాబట్టి ఎవరూ కాలేరనీ నిరూపించేడు. అందరూ శ్రద్ధగా విని, ఎవరి కుర్చీలో వాళ్ళు కూర్చున్నారు.

పన్నెండయింది. ఆకళ్ళు మొదలయ్యేయి. రోడ్డు మీదే స్టవ్వులు వెలిగించేరు. రాజబాబు భార్య శాంతికుమారి మూటలు వెతికి ఎండుచేపల పొట్లం తీసింది. తీసి, అలవాటుగా అటూ ఇటూ చూసింది.

"రోడ్డెవలిది?" అన్నాడు దేముడు. ఆ రోజు ఆయన మాట్లాడిన మొదటి మాట అదే.

రోడ్డు ఎవరిదీ కాదు. నాలుగు నెలల తరవాత ఆ వీధిలో ఎండుచేప నూనెలో పడింది. ఆ వాసనకి అప్పలరాజు కళ్ళు చెమర్చేయి. అయిదిళ్ళ వాళ్ళూ బీరువాల నీడన వరసగా కూర్చుని తిన్నారు. గంగాభవాని రెండోసారి వడ్డించుకుంది. పైడితల్లి ఆవిడ కంచంలో ఇంకో ముక్క వేసింది. ఒకరి ఇంట్లో ఒకరు ఉన్న మూడేళ్ళలో వాళ్ళు కలిసి తిన్నది ఆ పూటే.

తిన్నాక పైడితల్లి చెయ్యి కడుక్కుని లేచింది.

"అందరూ గుండ్రంగా నిలబడండి. ఎవరి తాళం ఎవరికివ్వాలో వాళ్ళు పక్కనుండాలి. కుడిచేత్తో ఇవ్వండి, ఎడంచేత్తో అందుకోండి. మూడనగానే."

నిలబడ్డారు. త్రినాధరావు ఒకటి, రెండు, మూడు అన్నాడు. అయిదు కుడిచేతుల్లో అయిదు తాళంచెవులు, వాటిని పట్టుకున్న అయిదు ఎడంచేతులు. ఎవరూ వదల్లేదు. ఎవరు ముందు వదుల్తారా అని ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటున్నారు. త్రినాధరావు ఇంకోసారి మూడన్నాడు. మళ్ళీ అంతే. కర్రలబండి మీద వెళ్తున్న రైతొకడు ఎద్దుల్ని ఆపి, ఇదేం పూజో అర్థంగాక దణ్ణం పెట్టుకున్నాడు.

పైడితల్లికి చేతులు నొప్పెట్టేయి. ఎదురుగా తన ఇల్లు కనపడుతోంది, తలుపుకి తాళంతో. ఇది రాకపోతే ఏమవుతుంది అనుకుంది. ఏమీ అవదు, నిన్నటిదాకా రాలేదు కదా. కుడిచేతి వేళ్ళు వదిలేసింది.

గంగాభవాని తన చేతిలోకి వచ్చిన తాళంచెవి కేసి చూసింది. పైడితల్లి ఎడంచెయ్యి ఇంకా మాష్టారి గుప్పిట మీద ఉత్తిగా ఉంది. అది చూసేక ఆవిడ ఇంక బిగించుకోలేకపోయింది. వదిలేసింది. అప్పలరాజు వదిలేడు. రాజబాబు వదిలేడు. దేవీప్రసాద్‌కి తన తాళంచెవి వచ్చేసింది. అయినా ఆయన కుడిచెయ్యి తెరుచుకోలేదు.

"మాష్టారూ" అన్నాడు త్రినాధరావు.

"ఇస్తానండీ." ఆయన ఆ గుమ్మం కేసి చూసేడు. "మా పిల్ల నడక నేర్చింది ఈ ఇంట్లోనే. వంటింటి గడప పట్టుకుని."

"ఎప్పుడైనా తీసుకురండి బాబూ. నడిపిద్దాం" అంది పైడితల్లి.

ఆయన ఇచ్చేడు.

పైడితల్లి తాళం తీసి లోపలికి వెళ్ళింది. కిటికీలు మూసి ఉన్న గది చీకటిగా ఉంది. గోడ మీద చెయ్యి పెట్టింది. అక్కడ స్విచ్చి లేదు. గంగాభవాని ఇంట్లో అయితే గుమ్మానికి కుడిపక్క, చెయ్యి దానంతటదే వెళ్ళిపోయేది. ఎడమ పక్క తడిమింది. లేదు. గోడలన్నీ తన చేత్తో తడిపింది గానీ, కరెంటు పని ఒక్కో ఇంటికి ఒక్కోలా, ఇల్లు అద్దెకిచ్చే ముందు రోజున ముగిసింది. ఆ తరవాత ఆవిడ ఈ ఇంట్లో ఒక పూట కూడా లేదు.

"మాష్టారూ!" అని గుమ్మంలోంచి కేకేసింది.

దేవీప్రసాద్ పరిగెత్తుకొచ్చేడు. స్విచ్చి తలుపు వెనకాల ఉంది. "రెండోది ఫేను, మూడోది పని చెయ్యదండీ. పెరటి తలుపు కాస్త పైకెత్తి లాగాలి. వర్షం వస్తే వంటింటి గట్టు మీద చెంబు పెట్టాలి, ఇదిగో ఇక్కడ." పైడితల్లి కొత్త కోడలు వింటున్నట్టు విని, ప్రతిదీ ఒకసారి చేసి చూసింది. పెరటి తలుపు మూడోసారికి వచ్చింది. అది రాగానే ఆవిడకి నవ్వొచ్చి, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. తరవాత హాలు ఈ చివర్నించి ఆ చివరికి దబదబా నడిచింది.

మాష్టారు వెళ్ళబోతూ గుమ్మంలో ఆగేడు. "ఇంతకీ మా ఇంట్లో మోటారు స్విచ్చి ఎక్కడుందో నాకు తెలీదండి. రాజబాబుని అడగాలి."

వీధంతా అదే పని. రాజబాబు మాష్టారింట్లో కుళాయి తిప్పి చూపిస్తున్నాడు. రాజబాబు ఇంట్లో అప్పలరాజు బాత్రూం గడియ నేర్పుతున్నాడు. త్రినాధరావు చుట్టం కాబట్టి చెప్పులు బయట విడిచి, కుర్చీ చివర కూర్చుని, మంచినీళ్ళు అడుగుదామా వద్దా అని ఆలోచిస్తున్నాడు.

ఎదురింటి డాబా మీంచి గంగాభవాని పిలిచింది. "పైడితల్లీ, ఒకసారొస్తావా? ఈ వంటిల్లు నాకు అంతుబట్టట్లేదు."

పైడితల్లి వెళ్ళింది. గంగాభవాని తన వంటింటి మధ్యలో స్టవ్వు ముందు చెమటలు కక్కుతూ నిలబడి ఉంది. ఊపిరాడట్లేదంది. పైడితల్లి తూర్పు కిటికీ దగ్గరికెళ్ళి, కింద రెక్క మోకాలితో తన్ని పట్టి, పై గడియ తీసింది. మిగిలిన చెరుకు తోటల మీంచి గాలి లోపలికి దూసుకొచ్చింది.

"ఈ కిటికీ తెరుచుకుంటుందా?" అంది గంగాభవాని.

"మోకాలు పెట్టాలమ్మా. మీరు పెట్టండి ఒకసారి."

గంగాభవాని పెట్టింది. మొదటిసారి రాలేదు. రెండోసారి కిటికీతో పాటు తనూ ముందుకి తూలింది. పైడితల్లి చెయ్యి పట్టుకుని ఆపింది. ఇద్దరూ కాసేపు ఆ గాలికి అలాగే నిలబడ్డారు.

"టీ తాగి వెళ్ళు" అంది గంగాభవాని. డబ్బాలు ఏ అలమరలో పెట్టుకోవాలో మాత్రం ఆవిడకి ఇంకా తోచలేదు. పైడితల్లి కింద అరలోకి చెయ్యి చూపించింది.